కుళాయి పక్క మడి

నా చిన్నప్పుడు, పదేళ్లయినా నిండకముందే, ఒకావిడని మంత్రగత్తెను చేసేశాను. ఏ మారుమూల పల్లెలోనో కాదు, ఇక్కడే, వర్జీనియాలో, షాంటిలీ దగ్గర.

అక్కడి కమ్యూనిటీ గార్డెన్‌లో మన తెలుగువాళ్లకి ఆరు మడులుండేవి. కుళాయి పక్కది ఓ ఆంటీది. ఒక్కతే ఉండేది. ఆవిడ బీరపాదు కంచె దాటి పాకుతుంటే, మా అమ్మ బకెట్లు మోసి పెంచిన వంకాయ మొక్కలు ముడుచుకుపోయేవి. ఆవిడ చెయ్యి మంచిది అనడానికి మనవాళ్లకి నోరు రాలేదు. "ఏదో చేస్తోంది" అన్నారు.

నా కోపం వేరు. అడక్కుండా దోసకాయ కోశానని ఆంటీ నన్ను అందరి ముందూ దొంగపిల్ల అంది. ఆ వారమే బడిలో టీచర్, ఇంగ్లండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ప్యూరిటన్లనే మతనిష్ఠవాళ్ల సంగతి చెప్పింది. పూర్వం ఈ దేశంలోనే ఒక ఊళ్లో ఆడపిల్లలు వేలు చూపిస్తే చాలు, ఆ మనిషిని మంత్రగత్తె అని ఉరి తీశారట. తర్వాత బడి మధ్యలో మానేసిన నేను శ్రద్ధగా విన్న పాఠం అదొక్కటే. అదీ సగమే. వేలు చూపడం దాకా విని, ఎందుకు చూపారో చెప్పేసరికి నిద్రపోయాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, ఆంటీ మన మడిలో సూదులు గుచ్చిన నిమ్మకాయ పాతిపెడుతుంటే చూశానని. తిడుతుందనుకున్నా. నెయ్యి వేసి అన్నం పెట్టింది. "ఆ మడి మనకొస్తే బకెట్ల బాధ తప్పుతుంది" అని నాన్నతో అంటుంటే విన్నాను. మర్నాటికి నా నిమ్మకాయ మూడయింది, శనివారానికి వాటికి కుంకుమ బొట్లు కూడా వచ్చాయి. కాదని చెబుదామంటే వినే మొహం ఒక్కటీ కనబడలేదు.

ఆదివారం అందరూ తోటలో చేరారు. ఆంటీ చేత మడి ఖాళీ చేయించాలి, సాక్షిని నేను. మా పక్కింటి అంకుల్ అయితే కార్‌లో టమాటా నారు కూడా తెచ్చేసుకున్నాడు. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. ధైర్యం చెబుతోందో, పారిపోకుండా పట్టుకుందో ఇప్పటికీ తెలీదు.

"చెప్పమ్మా, ఎవరు?" అన్నాడు అంకుల్.

వేలెత్తాను. ఆంటీ చేతిలో పైపు అలాగే కారుతుంటే నన్నే చూసింది.

అప్పుడు, ఆరు నెలలుందామని ఇండియా నుంచి వచ్చిన మా నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. "సరే, ఆవిణ్ణి పంపేద్దాం. కానీ మంత్రం పడ్డ మట్టిలో పండింది పిల్లలకెలా పెడతాం? ఆ మడి ఇంకెవరికీ వద్దు, గడ్డి వేయించేద్దాం" అంది.

అంకుల్ కంగారుపడ్డాడు. "అంత అక్కర్లేదు పిన్నిగారూ! నాలుగు బకెట్ల నీళ్లు కొడితే పోతుంది."

"అంతేనా? అయితే కొట్టు నాయనా. ఆవిడెందుకు పోవడం?"

అమ్మ చెయ్యి నా భుజం మీంచి జారింది. ఒక్కొక్కరే కార్లెక్కారు.

నన్ను మాత్రం నాయనమ్మ ఎక్కనివ్వలేదు. నిమ్మకాయ నిజంగా చూశావా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "అది నాకు చెబితే ఏం లాభం?" అని నన్ను ఆంటీ వైపు తిప్పింది. పది అడుగులుంటాయేమో. అంత దూరం నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు. చెప్పాను. ఆంటీ కుళాయి కట్టేసి, "నేనూ నిన్ను అందరి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను. మనవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరి మీదైనా పుకారు లేచిందంటే, ఆ మనిషి వెళ్లిపోతే ఆ చోట్లోకి వచ్చేదెవరని ముందు అడుగుతాను. పుల్లలు పెట్టే మనిషినంటారు, నవ్వేస్తాను. రెండో ప్రశ్న గ్రూప్‌లో పెట్టను, నన్ను నేనే అడుగుతాను: ఆ మనిషి ఒకప్పుడు నిన్నేమంది? జవాబు దొరికిన రోజున ఫోన్ బోర్లించేస్తాను.