తాబేలు పిల్లల మీద పోని రంగు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చిన్న గొంతుతో చెప్పాల్సిన సంగతి ఇది.

నగరిలో మా వీధంతా కరెంటు మగ్గాలు మోగడం మొదలైన రోజులవి. పక్కింట్లో ఉండే మా అత్త మాత్రం కాళ్లు గుంతలో పెట్టి నేసే గుంతమగ్గం వదల్లేదు. మామ పోయాక ఆమెకు తోడల్లా ఒక నక్షత్ర తాబేలు. కొండ పక్క పొదల్లో దొరికితే ఎప్పుడో తెచ్చుకుంది. మగ్గంలో కూర్చునేటప్పుడు దాన్నీ గుంతలోకి దించుకునేది. అది ఆమె పాదాల పక్కనే ఒదిగి పడుకునేది. "జరుగు తల్లీ, తొక్కుతా" అంటూనే నేసేది. నాగజెముడు పండ్లు ముళ్లు తీసి తినిపించేది.

ఒక ఏడు అది పెరట్లో మట్టి తవ్వి గుడ్లు పెట్టింది. కోళ్లు కెలకకుండా అత్త అక్కడ గంప బోర్లించింది. వానలు పడ్డాక నిమ్మకాయంత పిల్లలు బయటికొచ్చాయి. ఏది తిన్నదో ఏది తినలేదో గుర్తుండాలని, నూలుకు వేసే ఎర్రరంగుతో వాటి వీపుల మీద గుర్తులు పెట్టింది. ఒకదానికి చుక్క, ఒకదానికి గీత, అన్నిటికన్నా చిన్నదానికి చీర అంచులో వేసే మామిడిపిందె బొమ్మ.

ఆ నోటా ఈ నోటా విని ఫారెస్టు గార్డు వచ్చాడు.

"అవ్వా, వీటిని ఇంట్లో పెట్టుకోకూడదు. చట్టముండాది."

"తల్లిని తెచ్చింది నిజమే. పిల్లలు మా పెరట్లో పుట్టినాయి కదప్పా!"

"యాడ పుట్టినా అడివి జీవమే అవ్వా. కొండలో వదలాల."

అత్త తాబేలును ఒళ్లోకి తీసుకుంది. "నన్ను ఒంటిదాన్ని సేస్తావా నాయనా?"

ఆయన పిల్లల వైపు తిరిగాడు. "ఇదేందవ్వా, పెండ్లికూతుళ్ల మాదిరి! ఈ ఎరుపు కాకులకు యాడినుంచైనా కనపడతాది. కడిగిపెట్టు, రేపొస్తా."

నేనూ అత్తా కుంకుడు రసంతో రుద్దాం, చింతపండుతో రుద్దాం. మా చీర చిరుగుతుందే కానీ రంగు పోదని అత్తకు మహా గర్వం. అది ఆ రోజూ పోలేదు.

మర్నాడు గార్డు నవ్వాడు. "మీ చీరల రంగు పోదని మీరు చెప్తాంటే నేను నమ్మలా."

"ఇప్పుడు నమ్మినావు కదా, ఈడనే ఉండనీ."

"కుదర్దవ్వా."

తల్లిని ఆ పూటే కొండ మొదట్లో వదిలాం. రంగు పోయేదాకా పిల్లల్ని తమ ఆఫీసు వెనక కంచెలో ఉంచుతామన్నారు ఫారెస్టువాళ్లు. అత్త మునగాకు మూటగట్టుకుని వెళ్లి చూసి వచ్చేది. రంగు చెక్కుచెదరలేదని మురిసిపోతూ వచ్చేది. పిల్లలు పెరిగేకొద్దీ ఆ గుర్తులు పొరలుపొరలుగా రాలాయి. ఒకనాడు గుమ్మంలోనే కూలబడి, "మామిడిపిందె కూడా పోయిందే" అంది. కళ్లు తుడుచుకుని, "పోనీలే, ఇంక కాకి భయం లేదు దానికి" అంది.

వాటినీ వదిలి వచ్చాక అత్త మగ్గంలోకి దిగింది. పాదం ఆనించబోయి, ఆగి, కాస్త పక్కకు పెట్టింది. ఆఖరిదాకా ఆమె అట్లాగే, ఒక పక్క చోటు వదిలి నేసింది.

మీ ఇంట్లోనూ ఒకరి కోసం ఇంకొకరు జరిగే చోటుండాలి తల్లీ. మీ గడప తొక్కిన ప్రాణి ఏదైనా కడుపు నిండి, క్షేమంగా తన చోటికి చేరాలి. మీరంతా చల్లగా ఉండాలి.