మనమా, మేమా

జెర్సీ సిటీలో మా ఎదురు ఫ్లాట్ ఆంటీది మలేషియా. జాతికి మలయ్. ఈ మాట మావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే. ఉగాది పాట్‌లక్‌కి ఆవిడని పిలిస్తే, మా కొలీగ్ ఒకడు ప్లేట్ పట్టుకుని వచ్చి, "ఆంటీ మలయాళీ అంట కదా! కేరళలో ఎక్కడ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మలయాళీ కాదు నాయనా, మలయ్!" అని అరిచినంత పని చేశాను. ఆంటీ మాత్రం తలకు చుట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుంటూ, "కేరళకి ఇంకొంచెం అవతల" అని నవ్వి, పులిహోర మరికాస్త వడ్డించుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి వాళ్ళ దేశంలో ఎన్నికలొచ్చాయి. ఆవిడ బ్యాలెట్ పోస్టులో వచ్చింది. రోజులు గడుస్తున్నా ఆవిడ దానిమీద గుర్తు పెట్టలేదు. ఆలస్యమైతే ఓటు చెల్లదు.

"ఇంకా ఆలోచనేంటి ఆంటీ? మీవాళ్ళ పార్టీ ఉందిగా, వేసెయ్యండి" అన్నాను. కులం చూసి ఓటు గుద్దే ఊళ్ళో పుట్టినదాన్ని, ఇలాంటివి నాకు తెలియనివా అని ధీమా.

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

"మా నాన్న చేపలు పట్టేవాడు. టౌన్‌లో షాపులవాళ్ళు వాసనొస్తాడని గుమ్మం బయటే నిలబెట్టేవాళ్ళు. ఆ పార్టీ మనిషి ఒకాయన మా ఇంటికొచ్చి, చాప మీద నాన్న పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. నాన్న పోయేదాకా ఇంకెవరికీ వెయ్యలేదు. ఆరోజు ఆయన నాన్నకిచ్చినదాన్ని మేం మరువా అంటాం."

అర్థం అడగక్కర్లేకపోయింది. పరువు.

"మరి వేసెయ్యచ్చుగా?"

"ఇప్పుడు ఆ పార్టీవాళ్ళే స్టేజీ ఎక్కి కితా, కితా అంటున్నారు. మా భాషలో 'వీ' అనడానికి రెండు మాటలు. కితా అంటే నువ్వూ నేనూ అందరం. కమీ అంటే నువ్వు కాకుండా మేము. వీళ్ళు కితా అంటారు, మనసులో మాత్రం కమీ. నాకు పురుడు పోసిన మా ఊరి తమిళ నర్సు ఆ కితాలో లేదు. నీకు అర్థం కాదులే, ఇంగ్లీష్‌లో ఈ తేడా లేదు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "మాకుంది ఆంటీ! మనం, మేము!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. మనం, మేము, మనం అంటూ చిన్నపిల్లలా వల్లె వేసింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "వాళ్ళకి వెయ్యకపోతే, నాన్న కూర్చున్న చాప మీంచి లేచి వెళ్ళిపోయినట్టుంటుంది." నాకూ ఏడుపొచ్చింది. ఆవిడంటే నాకెంత ఇష్టమో ఆరోజే తెలిసింది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

మర్నాడు కవరు అంటించి తీసుకొచ్చింది. ఎవరికి వేశారని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరం కొరియర్ ఆఫీస్‌కి నడిచాం. కౌంటర్‌లో అమ్మాయి మమ్మల్ని మార్చి మార్చి చూసి, ఇద్దరూ కలిసే వచ్చారా అని ఇంగ్లీషులో అడిగింది.

ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆ అమ్మాయికేసి చూస్తూ, తెలుగులో గట్టిగా, "మనం!" అంది.

ఆ అమ్మాయికి ముక్క అర్థం కాలేదు. నిజానికి అక్కడ 'మేము' అనాలి. మనం అంటే కౌంటర్ వెనక నిలబడ్డ ఆ అమ్మాయి కూడా మాలో కలిసిపోతుంది. నేను దిద్దలేదు.