పైన కాచుకోవాలా, కింద కాచుకోవాలా

తిరుపతిలో బస్టాండు వెనక సందులో, రెండు లాడ్జీల మధ్య, మా మామకు ఒక గేముల షాపు ఉంది. మామంటే మా అమ్మ తమ్ముడు. ఇరుకు గది, మూడు టీవీలు, వాటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు. ఇంటర్ మధ్యలో ఆపేసి నేను ఇంట్లో కూర్చుంటే అమ్మ చూసి చూసి విసిగిపోయింది. "మీ మామ అంగట్లో అన్నా కూసో పో, నాలుగు మొకాలు కనపడతాయి" అంది. అప్పటి నుంచి పొద్దున్నే వడమాలపేటలో పుత్తూరు నుంచి వచ్చే బస్సెక్కడం, సాయంత్రం మళ్ళీ అదే దారిన ఇంటికి రావడం.

మా షాపుకు వచ్చేది ఎక్కువగా లాడ్జీల్లో దిగిన వాళ్ళ పిల్లలు. అప్పుడే గుండు చేయించుకుని, తల మీద చందనం ఇంకా ఆరకుండానే పరిగెత్తుకొస్తారు. చేతికి లడ్డూ జిగురు, ఆ చేత్తోనే రిమోట్ పట్టుకుంటారు. రోజంతా తడిగుడ్డతో తుడవడమే నా పని. వాళ్ళకు ఫైటింగ్ గేములంటే ప్రాణం. ఆడే పద్ధతి మాత్రం ఒకటే, వేలికి దొరికిన బటన్నల్లా నొక్కేయడం. ఖాళీ దొరికితే నేనూ అంతే ఆడేదాన్ని. గెలిస్తే నవ్వడం, ఓడిపోతే రిమోట్ బాగాలేదని చెప్పడం.

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద వాన పడుతుంటే ఒకామె తడుస్తూ లోపలికి వచ్చింది. నా కంటే మూడు నాలుగేళ్ళు పెద్దది. నర్సు. పొద్దుటి డ్యూటీ అయిపోయి హాస్టలుకు పోతూ ఉంది. సొంతూరు కార్వేటినగరం. వాన తగ్గేదాకా ఒక ఆట ఆడదామా అని తనే అడిగింది. వాళ్ళ చిన్నాయన కొడుకులతో చిన్నప్పటి నుంచి ఆడేదట. ఆ సంగతి నన్ను వరసగా ఓడించాక చెప్పింది.

"ఏం మే, అంగడి నీది, ఓడిపోయేదీ నువ్వేనా?"

"నాది కాదక్కా, మా మామది."

"అట్లయితే ఓడిపోవచ్చులే."

వాన ఎప్పుడో నిలిచిపోయింది. ఆమె లేవలేదు. ఆ తర్వాత పొద్దుటి డ్యూటీ ఉన్నప్పుడల్లా వచ్చేది. చేతుల నుంచి ఆసుపత్రి సబ్బు వాసన వచ్చేది, సంచిలో మడిచి పెట్టిన తెల్లకోటు ఉండేది.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను, తెలియని వాళ్ళకు. ఎదుటి మనిషి తల మీద కొడితే నిలబడి కాచుకోవాలి. కాలి మీద కొడితే కూర్చుని కాచుకోవాలి. రెండూ ఒక్కసారిగా కుదరవు. ఏది వస్తుందో ముందే ఊహించాలి. దగ్గరికొచ్చి పట్టుకుని విసిరేస్తే కాచుకున్నా లాభం లేదు, ఎగిరి తప్పించుకోవాల్సిందే. నేనేమో ఎప్పుడూ తల మీదే కొట్టేదాన్ని. ఆమె హాయిగా నిలబడి కాచుకునేది.

"కొట్టాలనే సూస్తా ఉండావు నువ్వు. ముందర ఏమార్చాల, తర్వాత కొట్టాల."

ఏమార్చడం అంటే నాకు తెలుసు. మా చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేస్తే అమ్మ చేసేది అదే. "అదో కాకి, సూడు సూడు" అని గోడ మీదికి చూపించేది. తల ఎత్తి నోరు తెరిచేలోపల ముద్ద లోపలికి పోయేది. ఆ మాట అక్కకు చెప్తే పగలబడి నవ్వింది. "అంతే మే, అదే! కాకిని సూపించు, ముద్ద పెట్టు."

ఆ రోజు నుంచి మా ఆటకు భాష మారిపోయింది. చూపించేది కాకి, తగిలేది ముద్ద.

ఒక్కో బొమ్మకు ఒక్కో రకం కాకి ఉండేది. పొడుగు జడ పిల్ల ఒకతె ఉంది. ఆమెతో కాలి మీద ఒకటి, కాలి మీద ఇంకోటి కొడితే ఎదుటి వాళ్ళు మూడోదీ కాలి మీదే అనుకుని కూర్చుంటారు. అప్పుడు తల మీద. గుండోడని మేం పేరు పెట్టుకున్న లావుపాటి పహిల్వాను ఉన్నాడు. వాడు నడిస్తే ఏనుగు నడిచినట్టే. వాడితో ఏం కొట్టక్కర్లేదు, ఊరికే దగ్గరికి నడిపిస్తే చాలు, పట్టుకుంటాడేమోనన్న భయంతో ఎదుటి వాళ్ళు ఎగురుతారు. ఎగిరిన వాళ్ళను గాల్లోనే కొట్టాలి. భయమే అక్కడ కాకి. జడపిల్లతో నేర్చుకున్నది గుండోడి దగ్గర పనికిరాదు. మళ్ళీ అఆల నుంచి మొదలు.

మామ టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి గొణిగేవాడు. "ఈడ అంగడి సూసుకునేది ఎవురు, ఆడేది ఎవురు?"

"నీ మేనకోడలికి సదువు సెప్తా ఉండా మామా" అనేది అక్క. మా మామను తనూ మామా అనే పిలిచేది.

"ఏం సదువు?"

"మోసం సేసే సదువు."

"దానికి ట్యూషన్ యాలమ్మా, మా వంశంలోనే ఉండాది" అని మామ పోయేవాడు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో పెద్ద సంగతి ఒకటుంది. ఒక ఆదివారం చందనం గుండు పిల్లవాడొకడితో ఆడాను. కాలి మీద రెండు కొట్టి తల మీదికి లేచేలోపల వాడు నన్ను చితక్కొట్టేశాడు. వాడు నన్ను చూడటమే లేదు, బటన్లు నొక్కుతున్నాడంతే. మర్నాడు ఏడుపు మొహంతో అక్కకు చెప్పాను.

"వాడు కాకిని సూడ్లా మే. సూడనోడిని ఎట్లా ఏమారుస్తావు? వాడిని ఊరికే కొట్టెయ్యి. ఏమార్చేది మనల్నే సూస్తా ఉండే వాళ్ళని."

ఆమె నన్ను చూసేది. నేను రిమోట్ ఎలా పట్టుకున్నానో చూసి ఏం చేయబోతానో చెప్పేది. అబద్ధం ఆడేముందు కింది పెదవి కొరుకుతానట. మా అమ్మకు కూడా తెలియదు ఆ సంగతి. ఆమెను ఏమార్చాలని బస్సులో కిటికీ పక్క కూర్చుని ఒళ్ళో వేళ్ళు కదిలిస్తూ వచ్చేదాన్ని. ఒక మనిషి మనసులో ఏముందా అని దారి పొడవునా ఆలోచించడం నాకు అదే మొదలు.

చివరికి కర్ర తాతను పట్టుకున్నాను. ముసలి బొమ్మ, చేతిలో పొడుగు కర్ర. ఆయన్ను ఎవరూ ఎంచుకోరు. కర్ర పైకెత్తడానికే బోలెడు సేపు. అయితే ఎత్తిన కర్రను కొట్టకుండా దించేయొచ్చని ఒకరోజు చెయ్యి జారి తెలిసింది. కర్ర ఎత్తితే అక్క నిలబడి కాచుకుంటుంది. దించి కాలి మీద పొడవచ్చు. లేదంటే ఏమీ చేయకుండా నిలబడొచ్చు. ఏమీ చేయకపోతే అక్కకు ఓపిక ఉండదు, తనే ఏదో ఒకటి నొక్కేస్తుంది. అప్పుడు కొట్టాలి. ఇది ఆమెకు చూపించకుండా దాచి దాచి సాధన చేశాను.

నా చేతికి కుదిరిన వారంలోనే ఆమె వచ్చింది. ఆడటానికి కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి బెంగళూరులో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని, బస్సుకు టైమైందని చెప్పింది.

"ఒక్క ఆట అక్కా, ఒకే ఒక్కటి."

"బిన్నా పోవాల మే, బస్సు ఎల్లిపోతాది. వస్తా."

"సరే అక్కా, పోయిరా" అన్నాను.

ఎవరైనా అలాగే కదా అంటారు. మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు పోతానని ఎవరూ అనరు. పోయేవాళ్ళు వస్తా అంటారు, ఉండేవాళ్ళు పోయిరా అంటారు. నేనేమో ఆమె వస్తానంది కదా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. పొద్దుటి డ్యూటీ వదిలే వేళకు అక్క పట్టుకునే రెండో రిమోట్ తుడిచి పెట్టేదాన్ని. తర్వాతెప్పుడో తుడుస్తూ తుడుస్తూ తట్టింది నాకు. నిలబడి కాచుకోవాలో కూర్చుని కాచుకోవాలో తెలియనివ్వని మాట ఆ 'వస్తా'. ఆమె కాకిని చూపించింది, నేను నోరు తెరిచాను.

బెంగళూరు ఎంత దూరమని! మా సందు చివర నిలబడితే ఆ బోర్డు పెట్టుకున్న బస్సులు కనిపిస్తూనే ఉంటాయి.

అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది. వార్డు సంగతులు, కన్నడం నేర్చుకుంటున్న సంగతులు చెప్పింది. కర్ర తాత గురించి నేను చెప్పలేదు. చెప్తే కాచుకోవడం నేర్చుకుంటుందని నా భయం. చివరన ఎప్పటిలాగే, "సరే మే, డ్యూటీకి టైమైంది, వస్తా" అంది.

పోయిరా అక్కా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. కర్ర పైకెత్తి పట్టుకున్న తాత మాదిరి గమ్మున ఉండిపోయాను.

"మే? ఉండావా?"

ఉన్నాను. కర్ర ఇంకా దించలేదు.

"ఏంది మే, గమ్మునుండావు?" ఆమెకు ఓపిక ఉండదని చెప్పాను కదా. "రావాలనే ఉండాది మే. సెలవు ఇయ్యరు. ఎప్పుడు వస్తానో నాకే తెలీలా."

ఆమె నాతో తిన్నగా ఆడిన మాట అదొక్కటే. పోనీలే అక్కా, డ్యూటీకి పో అన్నాను, పెదవి కొరుక్కుంటూ. ఫోన్లో పెదవి కనిపించదు కదా.

లాడ్జి పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకడు రెండో రిమోట్ కోసం చెయ్యి చాపాడు. అది బాగాలేదు నాయనా, మూడో టీవీ దగ్గరికి పో అని చెప్పాను.