కప్లింగే చూసుకుంటుంది

ఒక్క పూటలో ఒక ఇంజనుకూ, ఒక పెళ్లి సంబంధానికీ, ఒక పెద్దమనిషి కుడికాలికీ కలిపి ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. అంతటి ప్రతిభ ఎలా అబ్బిందో చెబుతాను, వినండి.

అప్పటికి డిప్లొమా పూర్తిచేసి గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ట్రైనీగా చేరి ఎనిమిది నెలలైంది. కంపెనీ నన్ను నమ్మి అప్పగించిన మహత్కార్యం పంపులకు గ్రీజు పెట్టడం. అయితే పోతిరెడ్డిపల్లిలో మా అమ్మ చేసిన ప్రచారం వల్ల చర్చి మొత్తానికీ నేను ఇంజనీరును. ఆ ప్రచారం బీరంగూడ దాకా పాకింది. అక్కడి రిటైర్డ్ టీచర్ దేవదానం సార్, తన కూతురు గ్రేసీకి నేను పనికొస్తానేమో చూద్దామని కోతపండుగ ఆదివారం నాడు మా చర్చికే వచ్చారు. గ్రేసీ ఫోటో నేను అప్పటికే చూశాను. చూసిన రోజు నుంచీ పంపులకు గ్రీజు కాస్త ఎక్కువే పడుతోంది.

ఆరాధన మొదలవగానే కరెంటు పోయింది. వెనక రేకుల షెడ్డులో పాత జనరేటర్ ఉంది. దాన్ని చూసుకునే యాదయ్య, ఒకప్పుడు ఫిట్టరుగా చేసిన పెద్దాయన, వచ్చి కప్లింగ్ రబ్బరు పోయిందన్నాడు. ఇంజన్ షాఫ్టునూ డైనమో షాఫ్టునూ కలిపేదే కప్లింగ్. రెండు ఇనుప పళ్లచక్రాలు, పళ్ల సందుల్లో రబ్బరు. షాఫ్టులు పిసరంత వంకరగా ఉన్నా ఆ రబ్బరు సర్దుకుపోతుంది. పిసరంత అన్న మాట నేను డిప్లొమా పుస్తకంలో చదవలేదు. అది పేజీకి అవతలివైపు ఉంది.

మా అమ్మ లేచి, మావాడున్నాడు కదా అంది. నేను చొక్కా చేతులు మడుచుకుంటూ, పక్క తలుపుండగా దేవదానం సార్ ముందునుంచే నడిచి షెడ్డుకు చేరాను.

యాదయ్య రెండు చక్రాల మీదా స్టీలు స్కేలు ఆనించి చూపించాడు. ఒకవైపు స్కేలు కింద వెలుతురు కనబడుతోంది.

"ఇంజన్ కుంగింది సారూ. కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి లెవలు జేస్తెనే రబ్బరు ఆగుతది. అర్ధగంట పని."

అర్ధగంటలో సంబంధం చల్లారిపోతుందని నా భయం. "దీన్ని ఫ్లెక్సిబుల్ కప్లింగ్ అంటరు కాకా. వంకర టింకరంత గదే చూస్కుంటది. నువ్వు జెర పక్కకు జరుగు."

యాదయ్య జరిగాడు. అంత సులువుగా జరిగినందుకైనా నాకు అనుమానం రావలసింది.

ఆదివారం పూట కొత్త రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? షెడ్డు వెనక మట్టిలో ఒక చెప్పు పడి ఉంది. మందపాటి, మెత్తటి నల్లరబ్బరు అట్ట. ఎవరిదో అడిగి వద్దామన్నాడు యాదయ్య. "ఒంటి చెప్పు ఎవడేస్కుంటడు కాకా?" అని ఆరు ముక్కలు కోసి పళ్ల సందుల్లో కూరాను.

జనరేటర్ అందుకుంది. ఫ్యాన్లు తిరిగాయి. పాస్టరు గారు దేవునికీ, ఆ తర్వాత నాకూ మైకులో వందనాలు చెప్పారు. దేవదానం సార్ వెనక్కి తిరిగి నవ్వారు. నేను మనసులో పెళ్లికార్డు అచ్చువేయించడం మొదలుపెట్టాను.

కోతపండుగకు కానుకగా వచ్చిన పంటల వేలంలో సార్ గుమ్మడికాయ పాడుకుంటుండగా కాలిన వాసన వచ్చింది. తర్వాత ఇనుము మీద ఇనుము కొట్టుకునే చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. షెడ్డుకు పరుగెత్తితే నేలంతా నల్లటి పొట్టు. యాదయ్య కత్తిరించిన రేకు ముక్కలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. నేను పొగడ్తలు వింటున్నంతసేపూ ఆయన చేసింది ఆ పనే.

ఆరాధన ముగిసింది. వాకిట్లో దేవదానం సార్ గుమ్మడికాయ పట్టుకుని, ఎడమ చెప్పు మాత్రం వేసుకుని నిలబడ్డారు.

"షుగరని డాక్టర్ రాసిచ్చిన చెప్పులు బిడ్డా. ఒకటి కుక్క ఎత్కవోయినట్టున్నది. జెర దేవులాడు."

నేను వెతికాను. నటన అంటే అది. హార్మోనియం కింద కూడా వెతికాను. ఇంతలో యాదయ్య మిగిలిన చెప్పు పట్టీలు పట్టుకుని వచ్చాడు.

"పట్టీలైతే సల్లగున్నయి సార్."

సిగ్గుతో చచ్చిపోయాను. "నేనే కోసిన సార్" అన్నాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే.

సార్ నా కుడికాలి వైపు వేలు చూపారు. బూటు విప్పి ఇచ్చాను. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి నా బూటు తొడుక్కున్న ఆయన్ని బండి మీద బీరంగూడలో దింపాను. తలుపు తీసిన గ్రేసీ మా నాలుగు కాళ్లూ చూసి పడీ పడీ నవ్వింది. సంబంధం ఆ నవ్వుతోనే కుదిరిందని నా నమ్మకం. మామగారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. మీ ఇద్దరి నడుమ రబ్బరు లెక్క నేను అరుగుతున్నానంటుంది గ్రేసీ.

కాబట్టి పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్కేలు పెట్టి చూడకుండా ఈ జన్మలో ఏ కప్లింగునూ ముట్టుకోను. ఒంటి చెప్పు కనబడితే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

ఈ ప్రమాణాన్ని నమ్మనివారు ఒక్కరే ఉన్నారు. నేను గుమ్మంలో కనబడగానే ఆయన తన చెప్పులు చేతబట్టుకుని లోపలికి వెళ్లి, ఎక్కడో దాచి, అప్పుడు వచ్చి "బాగున్నవా అల్లుడూ" అంటారు.