ఇంటి నెత్తురు పనికిరాని రోజు

1976లో ఆదోనిలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటుగా చేరాను. నాకు అప్పగించింది మత్తు యంత్రం. బాయిల్స్ మెషీన్ అంటారు దాన్ని. చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్లు, మందు ఆవిరి వచ్చే సీసాలు, రబ్బరు గొట్టాలు, చివర ఒక నల్లటి సంచి. మత్తు డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆ సంచి నొక్కి రోగికి ఊపిరి ఇవ్వడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. నా చదువు హైస్కూలు దాటలేదు. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి ఇంగ్లీషూ నేర్చుకున్నాను, పనీ నేర్చుకున్నాను.

ఇప్పుడు పుట్టుకతోనే ఒంట్లో ఏదో ఒక ఎంజైము లేని పిల్లలకు, ఆ ఎంజైమునే మందుగా తయారుచేసి సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తున్నారు. పత్రికల్లో దాని గురించి గొప్పగా రాస్తుంటే చదువుతాను. మంచిదే. కానీ ఇదేదో నిన్న మొన్న ఆకాశం నుంచి దిగినట్టు రాస్తే ఒళ్లు మండుతుంది. లేని ఎంజైమును బయటినుంచి తెచ్చి ఎక్కించే పని మేము 1981 వేసవిలో ఆదోనిలో చేశాం. మా చేతిలో ఉన్న మోటు పద్ధతిలో చేశాం.

ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గాల ఇంటివాళ్లు సరోజ అనే అమ్మాయిని తెచ్చారు. అపెండిక్స్ వాచి పగిలేట్టు ఉంది, వెంటనే కోయాలన్నారు సర్జన్ గారు. వెంట వచ్చిన పెద్దాయన పేరు నీలకంఠప్ప. ఆ పిల్లకు ఆయన అమ్మ తరఫు తాత. మామగారు కూడా ఆయనే, ఎందుకంటే సరోజను ఆమె సొంత మేనమామ ఈరన్నకు ఇచ్చి చేశారు. ఈరన్న, అతని తమ్ముడు తిప్పన్న కూడా వచ్చారు. తిప్పన్న భార్య గంగమ్మ మాత్రం వరండా చివర స్తంభం దగ్గర విడిగా కూర్చుంది. హాలహర్వి వైపు పిల్ల, వేరే కులం, తిప్పన్న ఇష్టపడి చేసుకున్నాడు. దారి పొడుగునా సరోజను ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చింది ఆమే. ఆసుపత్రి గడప దగ్గరికి రాగానే మళ్లీ పరాయిదైంది.

మత్తుకు ముందు కొన్ని ప్రశ్నలు అడగడం పద్ధతి. ఎప్పుడు తిన్నది, ఉబ్బసం ఉందా, కదిలే పళ్లున్నాయా. చివరిది, ఇంట్లో ఎవరికైనా ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయిందా అని. అన్నిటికీ పెద్దాయనే జవాబిచ్చాడు. చివరి ప్రశ్నకు మాత్రం కసురుకున్నాడు.

"ఏమీ లేదప్పా. మాది గట్టి వంశం. కోతకు పోయే పిల్ల ముందర సావు మాటలు ఎత్తాకు."

నేను చావు మాట ఎత్తలేదు. ఎత్తింది ఆయనే.

పెంటోథాల్‌తో నిద్రపుచ్చి, డాక్టరమ్మ స్కోలిన్ వేసింది. అది వేయగానే ఒంట్లో కండరాలన్నీ వదులైపోతాయి, గొంతులోకి ఊపిరి గొట్టం సులువుగా దిగుతుంది. ఆ కాసేపు రోగి సొంతంగా ఊపిరి తీయలేడు, సంచి నొక్కి మనం ఇవ్వాలి. రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును ముక్కలు చేసేస్తుంది కాబట్టి నాలుగైదు నిమిషాల్లో ప్రభావం దిగిపోతుంది. అందరికీ దిగుతుంది. సరోజకు దిగలేదు. సర్జన్ గారు కుట్లు వేసి చేతి తొడుగులు తీసేశారు. నేను సంచి నొక్కుతూనే ఉన్నాను. కాలి వేలు కూడా కదల్లేదు.

డాక్టరమ్మ ఖాళీ మందు బుడ్లన్నీ వరుసగా పెట్టి చూసుకుంది. ఇచ్చింది సరైన మోతాదే. సంచి నర్సుకు అప్పగించమని, బయటికి పోయి ఆ చివరి ప్రశ్న మళ్లీ అడిగి రమ్మంది.

అడిగాను. పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. ఈరన్న నేల చూపులు చూశాడు. స్తంభం దగ్గర నుంచి గంగమ్మ గొంతు వినిపించింది.

"శంకరన్న సంగతి సెప్పు మామా."

"సుమ్నె నోరు మూసుకోని కూసో నువ్వు! ఇంటి మాట నీకేల?"

"అయితే నేనే సెప్తా. వీళ్ల నడిపి కొడుకు సార్. బళ్లారిలో ఆపరేషన్ బల్ల మీదే ఊపిరి రాక పోయినాడంట. అత్త ఏడుస్తా సెప్పింది నాతో. సంబంధాలు రావని వీళ్లు యాడా అనరు."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఆ డాక్టరు మత్తు ఎక్కువిచ్చి సంపినాడు నా కొడుకును! మా నెత్తుట్లో ఏ దోసమూ లేదు."

ఈ మాట ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్ని నోళ్ల నుంచి విన్నానో. ఇప్పటికీ వింటున్నాను. మత్తు ఎక్కువైంది, మత్తు ఎక్కువైంది. ఎక్కువ కావడానికి అదేమన్నా కూరలో ఉప్పా? ఇచ్చింది కొలత ప్రకారమే. దాన్ని విరగ్గొట్టాల్సింది ఒంట్లో లేదు, అంతే. ఆ లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వచ్చి కలిస్తేనే బయటపడుతుంది. అక్క కూతుర్ని, మేనమామ కూతుర్ని చేసుకుంటూ వచ్చిన ఇంట్లో ఆ రెండూ కలవడానికి ఎక్కువ దూరం నడవనక్కర్లేదు.

లోపలికి పోయి చెప్పాను. డాక్టరమ్మ తల ఊపింది. ఏం చేయాలో ఆమెకు అప్పటికే తెలుసు. ఆ ఎంజైము ఉన్నవాళ్ల తాజా రక్తం ఎక్కించాలి. కాస్త ఓపిక పడితే దానంతటదే దిగేది కదా అని ఇప్పటి కుర్ర డాక్టర్లు నాతో వాదిస్తారు. దిగేదే. ఎన్ని గంటలకో ఎవరు చెప్పాలి? మాకు వెంటిలేటరు లేదు, ఉన్నది మా చేతులు. వాడుతున్న సిలిండరు ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చేసింది, ఇంకొకటి గుంతకల్లు నుంచి రావాలి. చల్లటి గదిలో కూర్చుని వాదించడం సులువు.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి రక్తం కావాలని చెప్పగానే అన్నదమ్ములిద్దరూ చొక్కా చేతులు పైకి మడిచారు. పెద్దాయన వాళ్లకంటే ముందు నిలబడ్డాడు.

"మా పిల్లకు మా ఇంటి నెత్తురే ఎక్కియ్యండమ్మా. పరాయి నెత్తురు మాకొద్దు."

"మీ ఇంటి రక్తమే పనికిరాదయ్యా" అంది డాక్టరమ్మ. "ఆ పిల్లకు ఏది లేదో మీ ఒంట్లో కూడా అది లేకపోవచ్చు. లేనివాళ్ల దగ్గర అప్పు చేస్తే ఏమొస్తుంది?"

ఆయనకు అంతకంటే పెద్ద అవమానం ఎవరూ చేసి ఉండరు. పిల్లను బళ్లారికి తీసుకుపోతామన్నాడు. తీసుకుపొమ్మంది ఆమె, కారులో సంచి ఎవరు నొక్కుతారో కూడా చెప్పి పొమ్మంది. అన్నదమ్ములు ఆమె మొహం, తండ్రి మొహం మార్చి మార్చి చూశారు.

సరోజది బి గ్రూపు. థియేటర్లో నాదీ డాక్టరమ్మదీ సర్జన్ గారిదీ 'ఏ' గ్రూపు. నర్సుకు రక్తహీనత. స్తంభం దగ్గర కూర్చున్న మనిషి అప్పటికే లేచి నిలబడింది.

"నాది సూడండి సార్. నాకూ వీళ్లకూ ఏ సుట్టరికమూ లేదు."

ల్యాబు మనిషి వేలు గుచ్చి, తెల్ల పలక మీద రక్తం చుక్కను సీరంతో కలిపి చూశాడు. బి. సరోజ రక్తంతో కలిపి మళ్లీ పరీక్షించాడు. గడ్డలు కట్టలేదు. పెద్దాయన అడ్డం వచ్చి ఇది జరగదన్నాడు. ఇంతసేపూ నోరు మెదపని ఈరన్న అప్పుడు మాట్లాడాడు.

"నాయినా, ఆడ పండుకున్నది నా పెండ్లాం. శంకరన్నను పోగొట్టుకున్నావు, సాలు. పక్కకు జరుగు." తర్వాత గంగమ్మ వైపు తిరిగాడు. "రామ్మా."

గంగమ్మ కదల్లేదు. మామగారిని తేరిపార చూసింది.

"నా సేతి నీళ్లు వద్దంటివి గదా మామా. నా నెత్తురు కావాల్నా? నీ నోటితో సెప్పు."

పెద్దాయన పక్కకు జరిగాడు. "ఇయ్యి తల్లీ" అన్నాడు.

ఆమెను బల్ల మీద పడుకోబెట్టి గాజు సీసాలోకి రక్తం తీశాం. గడ్డ కట్టకుండా సీసాలో ముందే సిట్రేట్ ద్రావణం ఉంటుంది. అది తెచ్చి సరోజ చేతి నరానికి తగిలించాం. నేను మళ్లీ సంచి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి సరోజ కంటి కొస నుంచి నీళ్లు కారడం చూశాను. నాడి కూడా వేగం పెరిగింది. అంటే నిద్ర తేలిపోయింది, అన్నీ వినిపిస్తున్నాయి, చిటికెన వేలు కూడా కదపలేదు. ఇంతకంటే ఘోరమైన స్థితి నాకు తెలియదు. డాక్టరమ్మ వెంటనే కొద్దిగా పెంటోథాల్ ఇచ్చింది. ఆమె సూది సిద్ధం చేస్తుండగా నేను సరోజ చెవి దగ్గర వంగి, ఆపరేషన్ అయిపోయిందమ్మా, గంగమ్మ నెత్తురు ఎక్కుతోంది, ఊపిరి మేము ఇస్తున్నాం, భయపడాకు అన్నాను.

సీసాలో సగానికి పైగా దిగింది. నేను నొక్కి వదిలాను. మళ్లీ నొక్కబోయే లోపల సంచి దానంతటది కొంచెం ముడుచుకుంది. ఈ పని చేసినవాళ్లకు ఆ ముడుత అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అవతలి మనిషి లాగుతోంది. చేయి ఎత్తి డాక్టరమ్మకు చూపించాను. రెండోసారి ఇంకొంచెం ముడుచుకుంది. సీసా ఖాళీ అయ్యాక చాలాసేపు మెల్లగా సాయం పట్టాం. ఆ తర్వాత సరోజ తల ఎత్తి నిలపగలిగింది, గట్టిగా దగ్గింది. గొట్టం తీశాం.

ఆమెను ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఈరన్నకు గట్టిగా చెప్పింది, ఈ ఇంట్లో ఎవరికి కోత పడినా ముందు స్కోలిన్ వద్దని చెప్పాలని. అతను తల ఊపాడు. పెద్దాయన మాత్రం ఈ మాట బయట అనొద్దని మమ్మల్నే బతిమాలాడు. గంగమ్మ ఆ మందు పేరు రెండుసార్లు పలికించుకుని పోయింది.

కొన్నేళ్లకు నీలకంఠప్పే వరిబీజంతో మా దగ్గరికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. పద్ధతి ప్రకారం ప్రశ్నలన్నీ అడిగాను. చివరిదానికి వచ్చేసరికి ఆయన కిటికీ వైపు చూస్తూ, "మా ఇంట్లో అందరూ గట్టోళ్లేనప్పా" అన్నాడు. మనవరాలిని మా బల్ల మీద చూసుకున్న మనిషి! నాకు వచ్చిన కోపానికి ఏమనేవాడినో. ఆయన సంచీ మోసుకొచ్చిన గంగమ్మ వెనకనుంచే అందుకుంది.

"ఈ ఇంట్లో ఎవురికీ ఇస్కోలిన్ పడదు సార్. నాకు తప్ప. రాసుకో."

స్కోలిన్ జోలికి పోకుండా నడుముకు మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేశారు. లేచి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఇంటి పెద్దవాడు రోగాన్ని గురించి నిజమే చెప్తాడు, వంశాన్ని గురించి చెప్పడు. అది ఆ రోజు రూఢి అయింది. అప్పటినుంచి ఉద్యోగం విరమించే దాకా ఆ చివరి ప్రశ్న నేను పెద్దవాళ్లను అడగలేదు. ఆ ఇంటికి బయటినుంచి వచ్చిన కోడలు ఎవరో కనుక్కుని, ఆమెను పక్కకు పిలిచి అడిగేవాణ్ణి.