రాజయ్య గారి మీటరు సూది

నిన్న సాయంత్రం ఢిల్లీ శివారు వైశాలిలో మా అపార్ట్‌మెంట్ కింద హోరెత్తుతున్న కారు పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి రెండో అంతస్తులోని మా బాల్కనీ దాకా కాలిన వార్నిష్ వాసన వచ్చింది. చదువుతున్న పేపరు మడిచి లేచాను. ఇక కూర్చోలేకపోయాను. ఆ వాసన తగిలితే నలభై ఏళ్లుగా నాకు ఇదే అవస్థ. ఏదో తప్పు రాసేశాననీ, అది ఈపాటికి అచ్చుకు వెళ్లిపోయిందనీ అనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఒక ఇరుకు గదిలో ఉండేవాణ్ణి. సివిల్స్ రాయడానికి వచ్చి, రెండుసార్లు తప్పి, ఒక దినపత్రిక నగర పేజీలో ట్రైనీగా చేరాను. ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయం కావాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఒకచోట కాలు నిలిచేది కాదు. ఆదివారాలు ఆర్.కె. పురం మార్కెట్ వెనుక సందులో రాజయ్య గారి షెడ్డుకు వెళ్లేవాణ్ణి, నాలుగు తెలుగు మాటల కోసం. ఆయనది వరంగల్ వైపు. సైన్యంలో రేడియోలు బాగుచేసి, హవల్దారుగా రిటైరై, కార్లకు స్టీరియోలు బిగించేవారు.

స్పీకరు వెనుక దాని అడ్డు, అంటే కరెంటును ఎంత ఆపుతుందో, నాలుగు ఓమ్‌లని ఎంత స్పష్టంగా అచ్చేసి ఉన్నా ఆయన నమ్మేవారు కాదు. మీటరు తీసి, ముందు దాని తీగల చివరి రెండు ముళ్లనూ ఒకదానికొకటి ఆనించి, సూదిని సున్నాకు తిప్పుకునేవారు. ఆ తర్వాతే స్పీకరుకు తాకించేవారు. స్పీకరు టక్కుమనేది. సూది చూపిన అంకెను సుద్దముక్కతో దాని వీపు మీద రాసేవారు. అది అయ్యాకే యాంప్లిఫయర్ మాట. తొందరపెట్టేవాళ్లను "ఠీక్ హై భయ్యా, దూస్‌రీ దుకాన్ దేఖ్ లో" అని పంపేసేవారు. ఆ రెండో దుకాణం ఎదుటి వరసలో మహేందర్‌ది. ఇద్దరికీ పడేది కాదు.

ఒకరోజు మహేందర్ దుకాణం ముందు ఒక టాక్సీ డ్రైవరు కేకలు వేస్తున్నాడు. నెల తిరగకుండానే యాంప్లిఫయర్ కాలిపోయిందట. కాలిన పెట్టెను చూశాను, వాసన చూశాను. మహేందర్ "మాల్ అచ్ఛా హై జీ" అని సరుకు మంచిదేనన్న ఒక్క మాటా రాసుకుని ఆఫీసుకు పరుగెత్తాను. నాసిరకం సరుకు అంటగడుతున్నారని, దుకాణం పేరుతో సహా చిన్న వార్త వచ్చింది.

ఆ ఆదివారం పేపరు చంకలో పెట్టుకుని వెళ్లాను. రాజయ్య గారి షెడ్డు ముందు ఎన్నడూ లేనట్టు కార్లు వరసకట్టి ఉన్నాయి. సంతోషిస్తారనుకున్నాను.

"ఏం పేపర్ సాబ్, మస్తు రాసినవ్," అన్నారు తలెత్తకుండానే. "టాక్సీల స్పీకర్లు ఎన్నున్నయ్?"

"లెక్కపెట్టలేదండీ. ఎన్ని ఉంటే మాత్రం ఏం? స్పీకర్లు పెరిగితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది, యాంప్లిఫయర్‌కు ఇంకా మంచిదే కదా."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. అంతే కదండీ."

"నీ లెక్కనే అనుకుంటరు అందరు. హాలుకు ఇంకో తలుపు తెరిస్తే గుంపు ఆగుతదా, ఉరుకుతదా?"

జవాబు చెప్పేలోపే కస్టమర్లను అలాగే నిలబెట్టి షెడ్డుకు తాళం వేశారు. టాక్సీ స్టాండులో ఆ డ్రైవరును పట్టుకుని, మీటరు నా చేతికిచ్చారు. నేను గబగబా స్పీకరు తీగలకు తాకించబోతే మణికట్టు పట్టుకున్నారు.

"ముందు సున్నా."

సున్నా చేసి తాకించాను. సూది రెండుకు కాస్త ఇవతలే ఆగింది. నాలుగు ఓమ్‌ల స్పీకరు ఒక్కటే ఉంటే అక్కడ ఆగదు. వెనుక సీటు తీయించాం. ప్రతి స్పీకరు తీగలకే పక్కన ఇంకో స్పీకరు కలిపి ఉంది. అడ్డు సగమై, కరెంటు రెండింతలు లాగి, పెట్టె ఉడికిపోయింది.

"పీఛేవాలే మైనే లగాయే," అని వెనకవి తనే బిగించినట్టు ఒప్పుకున్నాడు డ్రైవరు నేలచూపులు చూస్తూ. సవారీలకు జోరుగా వినబడాలనట.

తిరిగి వస్తూ, "మహేందర్ అంటే మీకు పడదు కదండీ," అన్నాను.

"పడదు. కానీ వాని డబ్బ మంచిదే. రెండు దినాలసంది వాని గిరాకీ నా తాన నిలవడ్డది. బువ్వ తినబుద్ధైతలేదు. రాసింది నువ్వు, దిద్దేది గూడ నువ్వే."

ఆ రాత్రంతా గదిలో పచార్లు చేశాను. మర్నాడు ఎడిటర్ నన్ను ఎగాదిగా చూశారు. "నీ కన్ఫర్మేషన్ కాగితం నా బల్ల మీదే ఉంది. ఈ వారమే కావాలా నీకు ఈ సవరణ?"

"కావాలి సార్."

సవరణ వచ్చింది. కాగితం మీద సంతకం మాత్రం మరో మూడు నెలలు పడలేదు. మహేందర్ నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ తర్వాతి ఆదివారం రాజయ్య గారి షెడ్డు ముందు ఒకే ఒక కారు ఉంది. ఆయన కార్లు నిలిచి ఉన్న ఎదుటి వరస వైపు ఒకసారి చూసి, "ఇయ్యాల పని తక్కువుంది. దా, చాయ్ తాగుదాం," అన్నారు. కొన్నేళ్లకు ఊరు వెళ్లిపోతూ మీటరు నాకిచ్చారు.

నిన్న కిందికి దిగేసరికి పక్క ఫ్లాటు తెలుగువాళ్లబ్బాయి, ఆఫీసు బ్యాడ్జి మెడలోనే ఉంది, డిక్కీ తెరిచి, లోపల కాలిన యాంప్లిఫయర్ చూస్తూ, ఫోన్‌లో రివ్యూ ఏదో కసిగా టైప్ చేస్తున్నాడు.

"కంపెనీ కా మాల్ బేకార్ హై, అంకుల్. వన్ స్టార్ దే రహా హూఁ."

"కొలిచావా?" అన్నాను తెలుగులో.

అర్థమై ఫోన్ మీంచి తలెత్తాడు. "రెండు నిమిషాలు ఆగు, అది పంపకు," అని పైకెళ్లి మీటరు తెచ్చాను. అతను ముళ్లు నా చేతిలోంచి అందుకుని, నేరుగా స్పీకరు తీగల మీదికి వంగాడు. నా చెయ్యి దానంతటదే వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది.