వరలక్ష్మిగారు తీసుకున్న రబ్బరు

పెన్సిలు చెక్కినప్పుడల్లా ఆ కర్ర వాసనకి నిడదవోలులో వరలక్ష్మిగారి ముందుగది గుర్తొస్తుంది. నిన్న పూర్తిచేసిన నవల గురించి రాసుకుందామని ఈ పొద్దున కత్తిపీట దగ్గర పెన్సిలు చెక్కుతుంటే, ఆవిడ ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది.

తొంభైల్లో మా వీధి ఆడవాళ్లకి నవలలు అద్దెకిచ్చింది ఆవిడే. గది నిండా బీరువాలు, అట్టలు వేసి కుట్టిన పుస్తకాలు. చదివేసిందే మళ్లీ పట్టుకెళ్లకుండా మాలో ఒక్కొక్కరికీ ఒక గుర్తుండేది. ఒకరు ఇరవయ్యో పేజీ మూల సున్నా చుట్టేవారు, ఇంకొకరు కాటుక చుక్క పెట్టేవారు. నాది నాలుగు రేకుల పువ్వు. ఒకరోజు ఆవిడ ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

“ఏంటి సత్యవతీ, ఊళ్లో ముగ్గులన్నీ నా పుస్తకాల్లోనే వేస్తున్నారు?”

“చదివేశానని గుర్తండి.”

“చదివావని పువ్వు చెబుతుంది. నీకెలా ఉందో చెప్పదుగా.” లోపలికెళ్లి సగం వాడిన నోటుపుస్తకం తెచ్చిచ్చారు. “చదివిన ప్రతి నవల పేరూ రాసి, కింద ఓ ముక్క రాయి.”

“నేను ఐదో తరగతితోనే ఆపేశానండి. ఒత్తులు సరిగా రావు.”

“ఒత్తులు నేను చూడను. కథా రాయక్కర్లేదు, అది నాకు తెలుసు. నీకేమనిపించిందో అదే నాకు తెలీదు.”

నాకేమనిపించిందని అడిగిన మొదటి మనిషి ఆవిడే. ముందు అన్నిటికీ ‘బాగుంది’ అని రాసుకుంటూ పోయాను. చూసి నవ్వారు. “పప్పూ బాగుంది, పులుసూ బాగుంది అంటే వండినావిడకి ఏం తెలుస్తుందే?”

అప్పట్లో ఒక నవల కోసం అందరూ వంతులు వేసుకునేవారు. వరలక్ష్మిగారికీ అదంటే ప్రాణం, ఎప్పుడు చదివినా ఏడుస్తానని చెప్పేవారు. నా వంతు వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. పెద్ద కుటుంబంలో అందరికీ వండి వడ్డించినదాన్ని కదా, అనిపించింది అనిపించినట్టే రాశాను: ‘ఈ పిల్ల తెల్లారింది మొదలు ఇంటెడు చాకిరీ చేస్తుంది. పుస్తకం మొత్తంలో ఒక్కసారీ ఆకలి వెయ్యలేదు. అందుకే నేను నమ్మలేదు.’ రాశాక భయం పట్టుకుంది. ఆవిడకి కోపమొచ్చి పుస్తకాలు ఇవ్వనంటే, నాకు ఆ గది తప్ప వేరే లోకం లేదు. గుమ్మం దగ్గర ఆగి, కొంగున కట్టుకొచ్చిన రబ్బరు తీస్తుంటే ఆవిడ చూసేశారు. నోటుపుస్తకం లాక్కుని చదివారు.

“కోపమొచ్చిందాండి?”

“ఉండవే.” ఆ నవల తీసి, నిలబడే పేజీలు తిరగేశారు. “నిజమే. అందరికీ వడ్డించింది, తనెప్పుడు తిందో ఎక్కడా లేదు. ఇన్నిసార్లు ఏడ్చాను గాని, అన్నం తిన్నావా అని నేనూ అడగలేదు.” నావైపు చెయ్యి చాచారు. “ఆ రబ్బరు ఇటివ్వు.” ఇచ్చాను. సొరుగులో పడేశారు. “ఇది నా దగ్గరుంటుంది. నువ్వు రాసింది చెరపకు.”

ఆ తర్వాత ఎవరు ఏ నవల అడిగినా, “సత్యవతి ఏం రాసిందో చూసి పట్టుకెళ్లండమ్మా” అనేవారు. నేనక్కడే ఉంటే, నవ్వు కనబడకుండా బీరువా వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేదాన్ని.

ఇప్పుడు ఆవిడా లేరు, ఆ గదీ లేదు. నా నోటుపుస్తకాలు మాత్రం పెట్టె నిండా ఉన్నాయి. నిన్నటి నవల మా కోడలికి తెగ నచ్చిందట. నాకు నచ్చలేదు, ఎందుకో రాశాను. ఒక మాట మరీ కటువుగా ఉందేమోనని కాసేపు ఆగాను. చెరుపుదామంటే రబ్బరు నా దగ్గర లేదు. వరలక్ష్మిగారి దగ్గరుంది.